రక్తపరీక్ష చెప్పు సాక్ష్యము

ఇంటిలోని యెల్లవారి దేహస్థితిని ముఖము చూచినంతనే గ్రహించు నేర్పు ఇల్లాలికి కలదు. బిడ్డ కన్నులు వాడినచో జ్వరము రానున్నదనియు, మామగారు కంచము ముందు ఊరక కూర్చున్నచో రాత్రి తిన్నది అరుగలేదనియు ఆమె ఎవ్వరును చెప్పకయే యెఱుగును. కాని తన కడుపు తనకేమి చెప్పుచున్నదో వినుటకు మాత్రము ఆమెకు తీరిక చిక్కదు. చీర కుచ్చిళ్లు బిగువైనచో వయస్సు మీదపడుచున్నదనుకొనును. రెండు ముద్దలకే కడుపు నిండినచో నాలుగు వాము గింజలు నమిలి యూరకుండును. "ఏటీ నేదమ్మా, ఒట్టి గేసే" యను మాట మన ప్రాంతపు స్త్రీల నోట మనమెన్ని మాఱులు వినలేదు! ఆ మాట చాలమాఱులు నిజమే. నిజము కానిచోట దాని మూల్యము ప్రాణము.

ఇటీవల మన రాజాములోను, పాలకొండ, బొబ్బిలి, చీపురుపల్లి పట్టణములలోను రక్తపరీక్షాశాలలు వెలసినవి. వెనుక విశాఖపట్టణము పోయిన గాని దొరకని పరీక్షలకు నేడు ఇచ్చటనే నెత్తురు తీసి చీటీ చేతికిచ్చుచున్నారు. ఇది మేలే. కాని చీటీ వచ్చినంత వేగముగా దాని యర్థము రాదు. అట్టి చీటీలలో "సి.ఏ. 125" అను పేరొకటి కనబడుచున్నది. దాని ప్రక్క నొక యంకె యుండును; ఆ యంకె 35 దాటినచో దానిని ముద్దయక్షరములతో అచ్చువేయుదురు. ఆ ముద్దయక్షరములను చూచి కేన్సరు వచ్చినదని యేడ్చిన యిండ్లు కలవు. అంకె తక్కువగా నున్నదని సంతసించి, పెరుగుచున్న కడుపును ఉపేక్షించిన యిండ్లును కలవు. ఈ రెండును పొరపాట్లే. ఏల పొరపాట్లో, ఆ పరీక్ష నిజమునకు ఏమి చెప్పునో, ఏమి చెప్పజాలదో, తెలిసినంత వరకు ఈ వ్యాసమున వివరించెదను.

వ్యాధి తీరు

గర్భాశయమునకు ఇరుప్రక్కల బాదముకాయంతేసి అండాశయములు రెండు కలవు. అవి పొత్తికడుపు లోతున దాగియున్నవి. వక్షమునందు గడ్డ పుట్టినచో చేతికి తగులును. నాలుకమీద పుండు పుట్టినచో కంటికి కనబడును. అండాశయమున పుట్టిన గడ్డ చేతికిని అందదు, కంటికిని కనబడదు. చుట్టును ఖాళీ స్థలముండుటచే అది యెదుగుచున్నను ఆరంభమున నొప్పి కలుగదు. ఈ జాతి కేన్సరులలో పెక్కులు అండాశయమునందు గాక, దానిని గర్భాశయముతో కలుపు అండవాహిక చివర మొదలగునని ఇటీవలి పరిశోధకులు కనుగొనిరి. అచ్చటినుండి రాలిన కణములు పేగులను కప్పు పలుచని పొరమీద విత్తనములవలె చల్లబడి మొలకెత్తును. అంతట కడుపులో నీరు చేరును. పెక్కుమంది స్త్రీలు వైద్యునొద్దకు వచ్చునది ఈ దశయందే.

వ్యాధి అండాశయమునకే పరిమితమై యున్నప్పుడు పట్టుబడినచో శస్త్రచికిత్సచే నయమగుట తఱచు. పొరలకు ప్రాకిన పిదప చికిత్స కలదు గాని, మరల మరల తిరుగబెట్టును. కావుననే, ఒక చుక్క నెత్తురుతో దీనిని ముందుగా పట్టు ఉపాయము దొరకిన నెంత బాగుండునని లోకమెల్ల నలువది యేండ్లకు పైగా ఆశపడుచున్నది.

పరీక్ష పుట్టుక

1981వ సంవత్సరమున అమెరికా దేశపు బోస్టను నగరమున రాబర్టు బాస్టు, రాబర్టు నాప్ మొదలగు వైద్యులు, అండాశయపు కేన్సరు కణములకు మాత్రమే యంటుకొను ప్రతిరక్షక పదార్థమొకటి కావలెనని ఎలుకల కణములతో పెక్కు ప్రయత్నములు చేసిరి. వారు చేసిన వానిలో 125వది పనికివచ్చినది. అది పట్టుకొను పదార్థమునకు సి.ఏ. 125 అని పేరు వచ్చినది. సి.ఏ. యనగా కేన్సరు యాంటిజెన్. ఇదియే ఆ వింత పేరి వెనుకనున్న కథ. 125 అనునది కొలతయు గాదు, ప్రమాణమును గాదు.

1983లో ఆ వైద్యులే రక్తమున ఈ పదార్థమును కొలుచు విధానమును ప్రకటించిరి. ఆరోగ్యవంతులుగా కనబడు 888 మంది నెత్తురు కొలువగా, నూటికొక్కరికి మాత్రమే మిల్లీలీటరునకు 35 యూనిట్లకు మించెను. శస్త్రచికిత్సలో అండాశయపు కేన్సరు రూఢియైన 101 మందిలో 83 మందికి మించెను. కేన్సరు గాని యితర వ్యాధులున్న 143 మందిలో నూటికి ఆర్గురికిని మించెను. నేటికిని మన చీటీలమీద కనబడు 35 అను హద్దు ఆనాడు గీచినదే. అది యనుభవముచే వేసిన గట్టు. గట్టునకు ఇవతల ఆరోగ్యము, అవతల మరణము అని యెవ్వరును చెప్పలేదు.

2001లో ఈ పదార్థము యొక్క నిజస్వరూపము తెలిసినది. మన దేహములో జిగటను పుట్టించు పెద్ద మాంసకృత్తులు కొన్ని కలవు. వానిలో నిది యొకటి. గర్భాశయము లోపలి పొర, ఉదరపు పొర, ఊపిరితిత్తులను కప్పు పొర, కంటిపైని పొర — వీనియందెల్ల ఇది సహజముగానే కలదు. ఈ యొక్క విషయము మనస్సున నిలిచినచో తక్కినదంతయు తేటపడును. సి.ఏ. 125 కేన్సరు సృష్టించిన విషము కాదు. మన పొరల సొత్తు. ఆ పొరలను ఏది కలతపెట్టినను అది రాలి నెత్తురున కలియును. కేన్సరు కలతపెట్టినప్పుడు మిక్కిలిగా కలియును, అంతియే.

పొగయు నిప్పును

బాల్యమున ఇంటనే తర్కము చదువుకొన్న సోదరీమణులకు పొగను చూచి నిప్పును ఊహించు నుదాహరణము జ్ఞాపకముండును. కొండమీద పొగ లేచుచున్నది గనుక అచ్చట నిప్పున్నదని ఊహింతుము. ఆ యూహ నిలుచుటకు రెండు జాగ్రత్తలు కావలెనని ప్రాచీనులు హెచ్చరించిరి. కనబడినది నిజముగా పొగయేనా, లేక వేకువ మంచా? ఇది మొదటి ప్రశ్న. పొగ లేనిచోట నిప్పు లేదని చెప్పవచ్చునా? ఇది రెండవది. ఎఱ్ఱగా కాలిన యినుపగుండులో నిప్పు కలదు, పొగ లేదు గదా!

ఈ రక్తపరీక్షకు ఈ రెండు దోషములును కలవు. మంచును చూచి పొగయనుకొనుట యొకటి; ఇనుపగుండును చల్లనిదనుకొని ముట్టుకొనుట రెండవది.

మంచు వంటివి

కేన్సరు లేకయే ఈ యంకెను పెంచునవి పెక్కులు. బహిష్టు దినములలో పెరుగవచ్చును. గర్భము దాల్చిన తొలి మాసములలో పెరుగును. ఫైబ్రాయిడ్లని వైద్యులు పేర్కొను గర్భాశయపు గడ్డలచే పెరుగును. గర్భాశయములోని పొర బయట మొలచి నెలనెలయు నెత్తుటితో ఉబ్బు ఎండోమెట్రియోసిస్ అను వ్యాధిలో తఱచుగా పెరుగును. అండవాహికల వాపు, కాలేయము చెడి కడుపున చేరిన నీరు, గుండె బలహీనమై ఊపిరితిత్తుల చుట్టును చేరిన నీరు — వీనిచేతను పెరుగును. రొమ్ము, ఊపిరితిత్తులు, క్లోమము, పెద్దప్రేగు మొదలగు వేఱు చోట్ల పుట్టిన కేన్సరులు కూడ పెంచగలవు.

మన దేశమున వీనికి తోడు మఱియొకటి ముఖ్యముగా చెప్పవలసియున్నది. అది కడుపులోని క్షయ. క్షయ ఊపిరితిత్తులకే వచ్చునని తలచువారు పెక్కుమంది. అది ఉదరపు పొరకును పట్టును. అప్పుడు కడుపులో నీరు చేరును, దేహము చిక్కును, ఆకలి మందగించును, స్కానింగులో గడ్డవంటిది కనబడును, సి.ఏ. 125 వందలలోనికి పోవును. చూచుటకు అచ్చముగా ముదిరిన అండాశయపు కేన్సరే! కేన్సరనుకొని కడుపు కోసి, లోపల క్షయను కనుగొన్న సందర్భములు వైద్యపత్రికలలో అనేకము కలవు. ఆ స్త్రీకి కావలసినది నెలల తరబడి మాత్రలు; అండాశయములు తీసివేయుట కాదు. నీటిని కొంచెము తీసి పరీక్షించియు, పొరనుండి చిన్న ముక్క తీసి చూచియు వైద్యులు నిజము తేల్చుదురు. కావున అంకె ఎంత పెద్దదైనను, ముక్కపరీక్షయో నీటిపరీక్షయో కాక మునుపు "కేన్సరు" అను పేరు స్థిరము చేసికొనరాదు.

మా వీథిలో ముప్పదియెనిమిదేండ్ల యిల్లాలికి నెలసరి నొప్పి యెక్కువై పరీక్ష చేయింపగా అంకె 62 వచ్చినది. అత్తవారు పొలము తాకట్టుకు బేరము కుదుర్చుకొనుచుండిరి; పుట్టినింటివారు బిడ్డలను ఎవరు పెంచెదరని మాటలాడుకొనుచుండిరి. విశాఖపట్టణపు వైద్యురాలు ఆమెను మొట్టమొదట అడిగిన ప్రశ్న: "నెత్తురిచ్చిన నాటికి మీరు బహిష్టులో నుంటిరా?" అవునని తేలినది. స్కానింగులో ఎండోమెట్రియోసిస్ గడ్డ కనబడినది. పిదప బహిష్టు లేని దినములలో మరల చూడగా అంకె తగ్గినది. ఆ రెండు వారములు ఆ యింట పొయ్యి సరిగా వెలుగలేదు. ఒక్క ప్రశ్నను ముందే అడిగియుండినచో ఆ దుఃఖము తప్పెడిది.

ఇనుపగుండు వంటివి

ఇక రెండవ దోషము. వ్యాధి అండాశయమునకే పరిమితమైయున్న తొలి దశలో, రమారమి సగముమంది స్త్రీలకు ఈ యంకె పెరుగనే పెరుగదు. మనము ముందుగా పట్టగోరు దశయందే పరీక్ష సగము గ్రుడ్డిది. జిగటను స్రవించు జాతి గడ్డలు కొన్ని ఎంత పెరిగినను అంకెను కదలింపవు. బాలికలకును, ఇరువది యేండ్ల లోపు పడుచులకును వచ్చు అండాశయపు కేన్సరులు తఱచుగా వేఱు జాతివి. వానికి ఏ.ఎఫ్.పి., హెచ్.సి.జి., ఎల్.డి.హెచ్. అను వేఱు పరీక్షలు కలవు. కావున చిన్నపిల్లకు కడుపులో గడ్డ కనబడినపుడు సి.ఏ. 125 చూచి ఊఱట చెందుట సరి కాదు.

హాలీవుడ్ నటి ఏంజెలీనా జోలీ 2015లో తన శస్త్రచికిత్స గూర్చి వ్రాయుచు, తన సి.ఏ. 125 సరిగానే యున్నను వైద్యుడు దానితో తృప్తి చెందక వేఱు పరీక్షలు చేసెనని తెలిపినది. ఆమె తల్లియు ఈ వ్యాధిచేతనే మరణించినది. అంకె బాగున్నదను కారణమున వంశచరిత్రను మఱువరాదని ఆమె కథ చెప్పుచున్నది.

అందఱికిని పరీక్ష చేయించరాదా?

"ఏటేట ఆడవారందఱికిని ఈ పరీక్ష చేయించినచో ఎందఱినో కాపాడవచ్చును గదా" యని ప్రశ్న పుట్టును. నాకును తొలుత అట్లే తోచినది. దీనిని రెండు దేశములవారు మహాప్రయత్నముతో పరీక్షించిరి.

అమెరికాలో 55 మొదలు 74 ఏండ్ల వయస్సుగల 78,216 మంది స్త్రీలను రెండు భాగములు చేసి, ఒక భాగమునకు ఏటేట సి.ఏ. 125 పరీక్షయు, స్కానింగును చేసిరి. 2011లో ఫలితము ప్రకటించిరి. పరీక్ష చేయించుకొన్నవారిలో ఈ వ్యాధిచే చనిపోవుట తగ్గలేదు. పైగా 3,285 మందికి వ్యాధి లేకయే ఉన్నట్లు తోచినది. వారిలో 1,080 మందికి శస్త్రచికిత్స జరిగినది. ఆ కోతల వలన 163 మందికి తీవ్రమైన కష్టములు సంభవించినవి. వ్యాధి లేని స్త్రీలు, వ్యాధి భయముచే కోయించుకొని, ఆ కోతచే రోగులైరి!

ఇంగ్లండు మొదలగు దేశములుగల యునైటెడ్ కింగ్‌డమ్‌లో 2001 నుండి 2005 వరకు రెండు లక్షలకు పైగా స్త్రీలను చేర్చుకొని, అంకె ఏటికేడు ఎట్లు మాఱుచున్నదో కూడ లెక్కగట్టిరి. 2021లో తుది ఫలితము వెలువడినది. తొలి దశలో కొన్ని ఎక్కువగా పట్టుబడినను, మరణములు మాత్రము తగ్గలేదు. కావున ఏ లక్షణమును లేని సామాన్య స్త్రీలకు ఈ పరీక్షను ఏటేట చేయుట తగదని వైద్యసంఘములు నిర్ణయించినవి.

ఇట్లేల జరిగినదో ఇంటి లెక్కతో చూతము. పదివేలమంది స్త్రీలలో నలుగురికి వ్యాధి కలదనుకొందము. పరీక్ష ఆ నలుగురిలో ముగ్గురిని పట్టుననుకొందము. వ్యాధి లేనివారిలో నూటికొక్కరికి అంకె ఊరక పెరుగుననుకొందము. పదివేలలో నూటికొక్కరనగా నూఱుగురు. అప్పుడు చీటీలో ముద్దయక్షరములు వచ్చిన నూటమువ్వురిలో నిజముగా వ్యాధిగలవారు ముగ్గురే. చేటలో చెరిగిన బియ్యములో రాళ్లు మూడు, రాళ్లవలె కనబడు బియ్యపుగింజలు నూఱు! పరీక్ష చెడ్డది కాదు. వ్యాధి యరుదైనప్పుడు ఎంత మంచి పరీక్షయైనను ఇట్లే మోసపుచ్చును. ఆరోగ్యపరీక్షల మూటలను తక్కువ ధరకు అమ్ము ప్రకటనలలో ఈ పేరు చేర్చియున్నచో, ఏ బాధయు లేని సోదరి దానిని కోరి కొనవలసిన పని లేదు.

పరీక్ష ఎప్పుడు పనికివచ్చును?

అట్లయిన ఈ పరీక్ష నిరర్థకమా? కాదు. లక్షణములున్న స్త్రీకి ఇది మంచి తోడు. ఆ లక్షణములు నాలుగు. కడుపు ఉబ్బుట, పొత్తికడుపునగాని కడుపునగాని నొప్పి, కొంచెము తిన్నంతనే నిండినట్లుండుట, మూత్రమునకు మాటిమాటికి, తొందరగా పోవలసివచ్చుట. ఇవి యెల్లరకును అప్పుడప్పుడు కలుగునవే. కాని క్రొత్తగా మొదలై, నెలలో పండ్రెండు దినములకు మించి వచ్చుచున్నచో, ఒట్టి గేసని త్రోసివేయరాదు. ముట్టుడిగిన పిదప ఇవి కలిగినచో మఱింత జాగ్రత్త కావలెను. బ్రిటిషు వైద్యులు 2011 నుండి ఇట్టి స్త్రీకి మొదట సి.ఏ. 125 చేయించి, 35గాని అంతకు మించిగాని యున్నచో స్కానింగుకు పంపవలెనని నియమము పెట్టుకొనిరి. అంకె తక్కువైయుండియు బాధ తగ్గకున్నచో మరల రావలెనని కూడ ఆ నియమములోనే యున్నది. ఈ రెండవ మాట మొదటిదానికంటె తక్కువది కాదు.

స్కానింగున గడ్డ కనబడిన పిదప, అది ఎంత యపాయకరమో తూచుటకు 1990లో కనుగొన్న లెక్కయొకటి కలదు. స్కానింగులో చెడు లక్షణములు ఏవియు లేకున్న 0, ఒకటి యున్న 1, రెండుగాని అంతకు మించిగాని యున్న 3. ముట్టుడుగనిచో 1, ఉడిగినచో 3. ఈ రెండంకెలను సి.ఏ. 125తో హెచ్చవేయవలెను. మొత్తము 200 దాటినచో అపాయ మెక్కువ. ముప్పదియేండ్ల స్త్రీకి సి.ఏ. 125 తొంబది, స్కానింగులో ఒక్క లక్షణము ఉన్నవనుకొనుడు. 1, 1, 90 హెచ్చవేసిన 90. అరువదియేండ్ల స్త్రీకి సి.ఏ. 125 నలువదియే, స్కానింగులో రెండు లక్షణములు ఉన్నవనుకొనుడు. 3, 3, 40 హెచ్చవేసిన 360. చీటీలో అంకె పెద్దదైన పడుచుకంటె, అంకె చిన్నదైన పెద్దమ్మకే అపాయ మెక్కువ! అంకెను ఒంటిగా చదువరాదనుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను?

అపాయము హెచ్చుగా తోచినచో శస్త్రచికిత్సను కేన్సరునందు ప్రత్యేకముగా తరిఫీదైన వైద్యులచేత చేయించుకొనుట మేలు. తొలి కోత ఎంత సమగ్రముగా జరిగిన అంత మంచిది. తెలియక సగము తీసి మూసిన కోత పిదప చికిత్సను కష్టతరము చేయును.

చికిత్సకు కొలబద్ద

ఈ పరీక్ష మిక్కిలి నమ్మదగినది చికిత్స నడచునప్పుడు. వ్యాధి రూఢియై, మొదట అంకె హెచ్చుగా నున్న స్త్రీకి, మందు పనిచేయుచున్నదో లేదో అంకె తగ్గుటనుబట్టి తెలియును. రాజాము దాపునగల గ్రామమునందలి ఏబదియాఱేండ్ల యామెకు ఐదు మాసములు కడుపు ఉబ్బి, పలుతావుల గేసు మందులే యిచ్చిరి. తుదకు చూడగా అంకె 900 దాటియున్నది. కోతయు, ఆఱు విడతల మందును అయిన పిదప అది 14కు దిగినది. ఆమె నేడు మనుమలతో నున్నది. ప్రతి విడతకు ముందు ఆ యంకెకై ఆమె యెదురుచూచిన తీరు చూచినచో, కొలబద్ద విలువ తెలియును. ఇట్టి వరుస కొలతలు ఒకే పరీక్షాశాలయందు చేయించుకొనవలెను. విధానములు వేఱగుటచే శాలలు మాఱిన అంకెలు మాఱవచ్చును.

వ్యాధి యొక్క గుఱుతును నెత్తురునగాని మూత్రమునగాని కొలిచి చికిత్స నడుపు పద్ధతి చరిత్రలో మన తెలుగువానికిని భాగము కలదు. భీమవరమున 1895లో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థయందు పరిశోధన నడుపగా వెలువడిన మందులలో మెథోట్రెక్సేటు ఒకటి. ఆయన 1948లో కాలధర్మము చెందెను. 1956లో అమెరికా వైద్యులు హెర్ట్జ్, లీ యనువారు, గర్భధారణానంతరము వచ్చు కోరియోకార్సినోమా యను దారుణమైన కేన్సరు ఆ మందుచే నయమైనదని ప్రకటించిరి. కంటికి కనబడు గడ్డలు కరగినను, హెచ్.సి.జి. యను గుఱుతు ఇంకను కొంచెము మిగిలియున్నదని లీ మందు ఆపలేదు. అది పూర్తిగా సున్న యగువరకును ఇచ్చెను. అది అనవసరమని పై యధికారులు ఆయనను కొలువునుండి తొలగించిరి. కాని గుఱుతు మిగిలియుండగా మందు మానినవారికి వ్యాధి తిరుగబెట్టినది. గుఱుతు సున్నయగువరకు తీసికొన్నవారు బ్రదికిరి.

అదే నీతి సి.ఏ. 125కును చెల్లునని వైద్యులు తలచిరి. చికిత్స ముగిసిన పిదప బాధ యేదియు లేకున్నను, అంకె పెరుగగానే మందు మొదలుపెట్టిన మేలు కదా యనుకొనిరి. 2010లో ప్రకటించిన పరిశోధనలో, అంకె పెరిగిన 529 మంది స్త్రీలను రెండు భాగములు చేసి, కొందఱికి వెంటనే మందిచ్చిరి. కొందఱికి బాధ తోచిన పిదప ఇచ్చిరి. ఇరువురును సమానముగానే జీవించిరి. ముందు మందు తీసికొన్నవారి సుఖమైన దినములు మాత్రము త్వరగా తఱిగిపోయినవి. గుఱుతు ఒక వ్యాధిలో చెప్పిన మాట మఱియొక వ్యాధిలో చెల్లదు. కావున చికిత్స ముగిసిన సోదరి మాసమాసమును అంకెకై గుండె దడదడలాడించుకొనవలెనా, అక్కఱలేదా యను విషయము వైద్యునితో ముందే మాటలాడి నిర్ణయించుకొనుట మంచిది.

ఇల్లాలు చేయదగినది

ఈ పరీక్షకు ఉపవాసము అక్కఱలేదు. చేతినుండి కొంచెము నెత్తురు తీయుదురు. చీటీతో వైద్యునొద్దకు పోవునపుడు ఈ సంగతులు వ్రాసికొని పోవలెను: బహిష్టు తేదీ, గర్భమేమైన నున్నదా, ముట్టుడిగి యెన్నేండ్లైనది, కడుపు బాధ యెప్పుడు మొదలై నెలకెన్నిదినములు వచ్చుచున్నది, ఇంటిలో ఎవరికైన క్షయ కలదా.

వంశచరిత్ర చెప్పునపుడు తల్లివైపు మాత్రమే చెప్పి యూరకుండరాదు. బి.ఆర్.సి.ఏ. యను జన్యువులలోని లోపము తండ్రివైపునుండియు వచ్చును. మేనత్తకు గాని, నాయనమ్మకు గాని, తల్లికి గాని, తోబుట్టువునకు గాని రొమ్ముకేన్సరో అండాశయపు కేన్సరో వచ్చియున్నచో ఆ మాట దాపరికము లేక చెప్పవలెను. పిల్లల పెండ్లి సంబంధములకు అడ్డు వచ్చునని కొందఱు దాచుదురు. దాచిన రోగము వంశమును విడువదు. దానిని తెలిసికొని తప్పించుకొను అవకాశము మాత్రమే పోవును. అట్టి వంశమువారికి జన్యుపరీక్షయు, లోపము తేలినచో సంతానము కలిగిన పిదప అండవాహికలను అండాశయములను ముందే తీయించుకొను మార్గమును కలవు.

వైద్యము దూరమను బెంగయు మునుపటియంత లేదు. రాజామునుండి చీపురుపల్లి, విజయనగరముల మీదుగా విశాఖపట్టణము చేరినచో, 1923నుండి నడచుచున్న కింగ్ జార్జి ఆసుపత్రి కలదు. అగనంపూడియొద్ద టాటా సంస్థవారి హోమీ భాభా కేన్సరు ఆసుపత్రి కలదు. ధనము లేనివారికి ఆరోగ్యశ్రీ కలదు. 2007 ఏప్రిల్‌లో ఆ పథకమును తొట్టతొలుత ఆరంభించిన మూడు జిల్లాలలో మన శ్రీకాకుళ మొకటి. 2022లో జిల్లాలు మాఱి రాజాము విజయనగరములో చేరువఱకు మనము ఆ జిల్లావారమే గదా. నేడది ఆంధ్రప్రదేశమున ఎన్టీఆర్ వైద్యసేవ యను పేర నడచుచున్నది. కేన్సరు శస్త్రచికిత్సయు, మందులును దానిలో చేరినవి. పొలము తాకట్టు పెట్టుటకు మునుపు ఆసుపత్రిలోని ఆ పథకపు సహాయకుని ఒకమాఱు అడిగి చూడవలెను.

తెలుగున "క్రిమినల్" మొదలగు చిత్రములలో నటించిన మనీషా కోయిరాలాకు 2012లో ఈ వ్యాధియే బయటపడినది. న్యూయార్కులో చికిత్స పొంది, తిరిగివచ్చి, 2018లో తన యనుభవమును గ్రంథముగా ప్రకటించినది. పేరు గల నటి బాహాటముగా చెప్పిన సంగతిని మనము పెరటిలో గుసగుసలాడుకొననేల? కడుపులోని బాధ సిగ్గుపడవలసిన విషయము కాదు.

సోదరీమణులారా! నెత్తురు పరీక్ష న్యాయసభలో ఒక సాక్షి వంటిది. సాక్షి చెప్పినది వినవలెను. కాని ఒక్క సాక్షి మాటమీద శిక్ష వేయరాదు, ఒక్క సాక్షి మౌనముగా నున్నాడని నేరము లేదనరాదు. స్కానింగు, ముక్కపరీక్ష, వయస్సు, వంశము, వీనియన్నిటికంటె ముందుగా మీ దేహము పండ్రెండు దినములుగా చెప్పుచున్న మాట — వీని నన్నిటిని విచారించిన పిదపనే తీర్పు. ఈ మాసపు సంచిక చదివి ముగించిన పిదప మీ తల్లిని, అత్తగారిని, అప్పను ఒక్కమాట యడుగుడు: "కడుపులో ఎట్లున్నది?" ఒట్టి గేసేనని వారు నవ్వినచో, నెలకెన్ని దినములని రెండవమాట యడుగుడు.